పాత అమెరికన్ సిల్వర్ డాలర్లు చౌకగా దొరికే దారి ఉందా? మోర్గాన్, పీస్ రకాల డాలర్లు కొనేవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_శీను
మోర్గాన్ డాలర్ల మీద మనసు పడింది కానీ ఎక్కడికి వెళ్ళినా ధర విని వెనక్కి రావాల్సి వస్తోంది. పోయిన శనివారం డల్లాస్ దగ్గర కాయిన్ షోకి వెళ్ళాను. బొమ్మ సగం అరిగిపోయిన 1921 కాయిన్‌కి కూడా లోపలున్న వెండి ధర మీద ఇంకో పది పదిహేను డాలర్లు వేసి చెప్తున్నారు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో వెతికితే ఒకడు 1893 ఎస్ మింట్ (శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల) కాయిన్ 60 డాలర్లకు పెట్టాడు. ఇంకొకడు తాతగారి అటక మీద దొరికిన రోల్, ఇంతవరకు ఎవరూ విప్పలేదు అంటూ 20 కాయిన్ల రోల్ అమ్ముతున్నాడు, రెండు చివర్లా సీసీ (కార్సన్ సిటీ టంకశాల) గుర్తున్న కాయిన్లు కనిపిస్తున్నాయి. ఇవి నిజమైన బేరాలేనా? మామూలు జీతగాడికి ఈ డాలర్లు చౌకగా దొరికే చోటు ఏదైనా మిగిలిందా? కొంటున్నవాళ్ళు ఎక్కడ, ఎలా కొంటున్నారో దాచకుండా చెప్పండి.

ఎడిసన్_బావ
1893 ఎస్ 60 డాలర్లకా! దాని జోలికి పోకండి. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో కొట్టిందే లక్ష కాయిన్లు. బాగా అరిగిపోయినదైనా వేల డాలర్లు పలుకుతుంది.

వెండి_వెంకట్రావు
రోల్ కూడా వద్దు శీనూ. ఇది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన ఎత్తు. రెండు చివర్లా మంచి కాయిన్ పెట్టి మధ్యలో అరిగిపోయిన 1921లు నింపుతారు. ఎవరూ విప్పలేదని అమ్మేవాడికి ఎలా తెలుసు? చివర్లలో సరిగ్గా సీసీలే వచ్చాయంటే ఎవరో కావాలని పెట్టారన్నమాటే. కాగితపు రోల్ పాతబడినట్టు కనిపించేలా చేయడం కూడా పెద్ద పనేం కాదు.

1893 ఎస్ విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోండి. అసలైన ప్రతి 1893 ఎస్ మీద లిబర్టీ అనే పదంలో టీ అక్షరం పైభాగంలో సన్నటి ఏటవాలు గీత ఉంటుంది. డై (నాణెం కొట్టే అచ్చు) మీద ఉన్న గీత అది, అందుకని అన్నిటి మీదా పడింది. మామూలు ఫిలడెల్ఫియా 1893 మీద ఎస్ అక్షరం అతికించినవాటికి, 1898 ఎస్ మీద అంకె చెక్కి 3 చేసినవాటికి ఈ గీత ఉండదు. ఫోటోలో ఆ టీ దగ్గరగా చూపించమని అడగండి, చాలామంది జవాబే ఇవ్వరు.

లెక్కల_మాస్టారు
ముందు మెల్ట్ (లోపలున్న వెండి ధర) లెక్క వచ్చి ఉండాలి, అది లేకుండా బేరం మాట్లాడటం దండగ. మోర్గాన్ అయినా పీస్ అయినా బరువు 26.73 గ్రాములు, 90 శాతం వెండి, 10 శాతం రాగి. అంటే స్వచ్ఛమైన వెండి సుమారు 24 గ్రాములు, ట్రాయ్ ఔన్సుల్లో 0.7734. ఆ రోజు వెండి స్పాట్ (మార్కెట్) ధరని 0.7734తో గుణించండి. ఔన్సు 30 ఉంటే 23.20, ఔన్సు 40 ఉంటే 30.94, ఔన్సు 50 ఉంటే 38.67. ఈ అంకె ఫోన్‌లో పెట్టుకునే షాపులోకి అడుగుపెట్టండి. డీలర్ మెల్ట్ మీద ఎంత శాతం వేస్తున్నాడో అక్కడికక్కడే తెలుస్తుంది.

ఫ్రిస్కో_శీను
మాస్టారూ, ఆ పది పదిహేను డాలర్లు ఎక్కువ వేయడం సబబేనా మరి?

లెక్కల_మాస్టారు
మామూలు తేదీకి, అరిగినదానికి, నా దృష్టిలో ఎక్కువే. షోలో టేబుల్ అద్దె, ప్రయాణ ఖర్చు వాళ్ళకీ ఉంటాయనుకోండి. కానీ ఒక్క కాయిన్ అడిగితే ఒక ధర, పది తీసుకుంటానంటే ఇంకో ధర. షో చివరి రోజు మధ్యాహ్నం సర్దుకునే వేళకి వెళ్ళి నోట్లు చేతిలో పట్టుకుని అడిగి చూడండి.

గోదారోడు
ఎందుకండీ ఈ తలనొప్పి. వెండే కావాలంటే ఈగిల్ (అమెరికా మింట్ కొడుతున్న కొత్త వెండి కాయిన్) కొనుక్కోండి. 1986 నుంచి వస్తున్నాయి, నిండు ఔన్సు, 999 వెండి. గ్రేడ్ (కాయిన్ స్థితికి వేసే అంకె) గొడవ లేదు, తేదీ గొడవ లేదు, అమ్ముకోవడమూ తేలిక. పాత డాలర్‌కి చరిత్ర పేరు చెప్పి అదనంగా గుంజుతారు, అమ్మబోతే మాత్రం మెల్ట్ కంటే తక్కువ ఇస్తామంటారు.

పల్నాడు_పావని
గోదారోడు గారూ, ఆయన అడిగింది వెండి గురించి కాదు, డాలర్ల సేకరణ గురించి. 1880లో నెవాడాలో గని కార్మికుడి జేబులో తిరిగిన కాయిన్ చేతిలో పట్టుకుంటే కలిగేది ఈగిల్‌తో కలగదు. ఆ ఆనందానికి నాలుగు డాలర్లు ఎక్కువైనా పెడతాను నేను.

గోదారోడు
ఆనందం సరే, శీను అడిగింది బేరం గురించి కదా.

వెండి_వెంకట్రావు
ఇద్దరూ కొట్టుకోకండి. బేరం అంటే తక్కువ ధర ఒక్కటే అనుకోవడం దగ్గరే మనవాళ్ళు చాలామంది దెబ్బతింటున్నారు. ఒక కాయిన్ అసలు విలువకీ అమ్మేవాడు చెప్పే ధరకీ మధ్య ఉన్న తేడా బేరం. ఆ తేడా కనిపించాలంటే ఆ కాయిన్ గురించి అతనికంటే మీకు ఎక్కువ తెలియాలి. నేను ఎక్కువగా చూసేవి చెప్తాను.

మొదటిది ఏయూ 58, అంటే దాదాపు చేతులు మారని కాయిన్. గ్రేడ్ స్కేల్ 1 నుంచి 70 వరకు ఉంటుంది, 60 నుంచి పైవి చేతులు మారని కాయిన్ల కింద లెక్క. 58 అంటే లిబర్టీ (ముందువైపు ఉన్న స్త్రీ బొమ్మ) చెంప మీద, చెవి పైన జుట్టు మీద, గద్ద రొమ్ము మీద కొంచెం రాపిడి మాత్రమే ఉంటుంది. మంచి 58 కాయిన్ చూడ్డానికి సంచి దెబ్బలు తిన్న 62 కంటే అందంగా ఉంటుంది. ఎందుకంటే కొత్త డాలర్లని వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో పోసి ట్రెజరీ గదుల్లోకి విసిరేవాళ్ళు, ఒకదానికొకటి తగిలి మొహమంతా గంట్లు పడేవి. అయినా మార్కెట్ 62కే ఎక్కువ ఇస్తుంది. కొన్ని తేదీలకైతే ఈ తేడా మరీ ఘోరం. 1884 ఎస్, 1892 ఎస్ లాంటివి అరిగినవి మామూలు డబ్బుకే వస్తాయి, అవే చేతులు మారనివైతే కారు ధర పలుకుతాయి.

రెండోది న్యూ ఆర్లీన్స్ కాయిన్లు, ఓ గుర్తువి. అక్కడ చాలా ఏళ్ళు బొమ్మ గట్టిగా పడలేదు, చెవి పైన జుట్టు చదునుగా ఉంటుంది. తెలియనివాళ్ళు అది అరుగుదల అనుకుని తక్కువకి ఇచ్చేస్తారు. దీపం కింద కాయిన్ మెల్లగా తిప్పండి. మెరుపు చక్రం ఆకుల్లా తిరుగుతూ ఆ చదును భాగం మీదుగా కూడా తెగకుండా పోతే అది అరిగింది కాదు, బొమ్మ సరిగ్గా పడనిది.

మూడోది పీస్ డాలర్లలో 1927. ఆ ఏడాది ఫిలడెల్ఫియావి 8,48,000, శాన్ ఫ్రాన్సిస్కోవి 8,66,000. పక్కనే 1928 ఫిలడెల్ఫియాది 3,60,649 ఉండటంతో అందరి కళ్ళూ దాని మీదే పడి 1927ని పట్టించుకోరు. షాపుల్లో మామూలు పీస్ డాలర్ల ట్రేలో కలిసిపోయి ఉండటం ఎన్నోసార్లు చూశాను.

ఎడిసన్_బావ
వెంకట్రావు గారూ, ఈ పోస్టు దాచిపెట్టుకుంటున్నా. 1927 గురించి మాత్రం బయటికి చెప్పకుండా ఉంటే బాగుండేది :)

కరీంనగర్_కుర్రాడు
నేను హైదరాబాద్‌లో ఉంటాను. చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత నాణేలు అమ్మే ఒకాయన దగ్గర మోర్గాన్ డాలర్లు, ఇంకేవో ట్రేడ్ డాలర్లు గుట్టగా ఉన్నాయి. ఒక్కోటి 300 రూపాయలు. కొనొచ్చా?

లెక్కల_మాస్టారు
24 గ్రాముల వెండి 300 రూపాయలకు ఎవరిస్తారు నాయనా!

వెండి_వెంకట్రావు
అవన్నీ ఇనుము మీదో ఇత్తడి మీదో పూత వేసినవి. ట్రేడ్ డాలర్లు 1873 నుంచి 1885 వరకు కొట్టారు, చైనా వ్యాపారం కోసం. అసలు బరువు 27.22 గ్రాములు, మోర్గాన్ కంటే ఎక్కువ. ప్రపంచంలో దొంగ కాయిన్లు ఎక్కువగా వచ్చే రకాల్లో ఇదొకటి. బంగారం షాపులో ఉండే చిన్న తక్కెడ మీద తూచండి, తర్వాత గట్టి అయస్కాంతం దగ్గర పెట్టండి. వెండి అయస్కాంతానికి అంటదు. అంటిందంటే కథ అయిపోయినట్టే. అంటనంత మాత్రాన అసలైనదని కాదు, ఇత్తడి కూడా అంటదు.

కరీంనగర్_కుర్రాడు
తూచాను. 22 గ్రాములు చిల్లర ఉంది మోర్గాన్. అయస్కాంతానికి అతుక్కుపోయింది. థాంక్స్ అన్నా, డబ్బు మిగిల్చారు.

నాగమణి_శాన్‌హోసే
నేను ఎక్కువగా ఎస్టేట్ సేల్స్‌లోనే కొంటాను. పెద్దవాళ్ళు పోయాక ఇంట్లో సామానంతా అమ్మేస్తారు కదా, అక్కడ. విడి కాయిన్లు ఉంటే మొదటి గంటలోనే డీలర్లు ఎత్తుకుపోతారు, వాటి కోసం తెల్లవారుజామున లైన్‌లో నిలబడటం నా వల్ల కాదు. నేను చూసేది వేరే. గిల్టు నగల డబ్బాలు, కుట్టు మిషన్ సొరుగులు, మగవాళ్ళ కఫ్ లింకుల పెట్టెలు. బెల్టు బకిల్‌లో బిగించిన పీస్ డాలర్, గొలుసుకి వేలాడదీసిన మోర్గాన్, ఇవన్నీ నగల కింద ధర కట్టేస్తారు. రింగు అంచు మీద నొక్కుడు పడి ఉంటుంది కాబట్టి గ్రేడ్ రాదు, కానీ వెండి విలువకంటే తక్కువకి వస్తుంది.

ఇంకో మాట. 1983 నుంచి వచ్చిన స్మారక డాలర్లని ఎవరూ పట్టించుకోరు. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌వి, 1986 స్టాట్యూ ఆఫ్ లిబర్టీది. ప్రూఫ్ (అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టిన) కాయిన్, పెట్టెతో సహా చాలాసార్లు మెల్ట్‌కి అటూఇటూగా దొరుకుతుంది. వాటిలోనూ అదే 26.73 గ్రాములు, అదే 90 శాతం వెండి.

ఎడిసన్_బావ
ఇది నిజం. 1986 లిబర్టీ ప్రూఫ్ 60 లక్షల పైచిలుకు అమ్మారు, అందుకే ధర లేవలేదు. మొదట మింట్ నుంచి కొన్నవాళ్ళకి నష్టం, ఇప్పుడు కొనేవాళ్ళకి లాభం.

గోదారోడు
నాగమణి గారూ, ఒక ప్రశ్న. ఎస్టేట్ సేల్‌లో వాళ్ళకి తెలియక ఐదు డాలర్లకి పెట్టిన మోర్గాన్ మీరు నోరు మూసుకుని కొనేస్తారా? నాకైతే అది బేరం కాదు, దోపిడీ అనిపిస్తుంది.

నాగమణి_శాన్‌హోసే
సేల్ నడిపేది కంపెనీ అయితే కొంటాను, ధర కట్టడం వాళ్ళ వృత్తి, దానికి కమిషన్ తీసుకుంటారు. ఇంటి పెద్దావిడే గరాజ్‌లో కూర్చుని అమ్ముకుంటుంటే మాత్రం చెప్తాను. ఒకావిడ అలాగే గాజు సీసాలో డాలర్లు పోసి బల్ల మీద పెట్టింది, ఒక్కోటి రెండు డాలర్లట. అమ్మా, ఇవి వెండివి, ముందు దాచేసి మీ అబ్బాయిని ధర కనుక్కోమనండి అని చెప్పి వచ్చేశాను. తర్వాత ఆవిడే ఫోన్ చేసి మెల్ట్ ధరకి నాకే అమ్మింది. అందులో ఏమీ గొప్ప తేదీలు లేవు, అయినా నా దగ్గరున్న వాటిలో నాకు ఇష్టమైనవి అవే.

పల్నాడు_పావని
ఇది చదివాక మీ మీద గౌరవం పెరిగింది అక్కా.

లెక్కల_మాస్టారు
డీలర్ దగ్గర మాత్రం ఆ మొహమాటం అక్కర్లేదు. అతని చేతిలో ధరల పట్టీ ఉంటుంది, భూతద్దం ఉంటుంది. అతను చూడనిది మీరు చూశారంటే అది మీ కష్టార్జితం.

ఎడిసన్_బావ
దానికి ఉదాహరణ నేను చెప్తాను. మోర్గాన్ డాలర్లలో ఒకే ఏడాది ఒకే మింట్‌లో కూడా డై తేడాలుంటాయి, వాటిని వ్యామ్ నంబర్లతో పిలుస్తారు. లెరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మ్యాలిస్ అనే ఇద్దరు వీటిని వర్గీకరించారు, వాళ్ళ ఇంటిపేర్ల నుంచే వ్యామ్ వచ్చింది. 1888 ఓలో ఒక రకానికి లిబర్టీ పెదాలు, ముక్కు, గడ్డం రెండుగా పడ్డాయి. భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. చాలామంది డీలర్లు మామూలు 1888 ఓ ధరకే వదిలేస్తారు. 1900 ఓ మీద ఓ అక్షరం కింద సీసీ ఆనవాళ్ళు ఉన్నవి ఉంటాయి. కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893లో ఆగిపోయాక అక్కడ మిగిలిన డైల మీద ఓ కొట్టి న్యూ ఆర్లీన్స్‌లో వాడారు. మా ఊరి షాపులో ట్రే తిరగేస్తుంటే ఒకటి దొరికింది, మామూలు కాయిన్ రేటుకే ఇచ్చాడు.

ఇంకా తేలికైనది 1878. గద్ద తోకలో ఈకలు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే మొదటి డిజైన్, తర్వాత ఏడుకి మార్చారు. మధ్యలో ఎనిమిది ఈకల డై మీదే ఏడు ఈకలు కొట్టినవి ఉన్నాయి, కింద పాత ఈకల కొసలు తొంగి చూస్తుంటాయి.

ఫ్రిస్కో_శీను
సీసీ మింట్‌వి ఎప్పటికీ మనకి అందవా? వాటి మీదే నా ఆశంతా.

వెండి_వెంకట్రావు
అందుతాయి, కానీ ఏ ఏడాదిది అన్నది చూసుకోవాలి. 1885 సీసీ కొట్టినవి 2,28,000. 1889 సీసీ కొట్టినవి 3,50,000. లెక్క ప్రకారం 1885 ఖరీదు ఎక్కువ ఉండాలి కదా? కానీ 1889 ధర దానికి ఎన్నో రెట్లు. కారణమేమిటంటే ట్రెజరీ గదుల్లో దశాబ్దాలు మూలపడి ఉన్న డాలర్లని 1972 నుంచి 1980 మధ్య జీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ వేలం వేసింది, దాదాపు 30 లక్షలు, అందులో ఎక్కువ భాగం కార్సన్ సిటీవే. 1885 సీసీలో సగానికి పైగా అక్కడే సంచుల్లో కొత్తగా మిగిలాయి. 1889వి ఆ గుట్టలో లేవనే చెప్పాలి.

అందుకని మొదటి సీసీ కొనాలంటే 1882, 1883, 1884 చూడండి. నల్ల పెట్టెలో గట్టి ప్లాస్టిక్ హోల్డర్‌తో జీఎస్‌ఏ కాయిన్లు ఇంకా తిరుగుతున్నాయి. ఈ మూడేళ్ళకి అరిగిన కాయిన్‌కీ కొత్తదానికీ ధరలో పెద్ద తేడా ఉండదు, కాబట్టి అరిగిన సీసీ చౌక అని ఎగబడొద్దు.

ఉత్తరాంధ్ర_చరిత్ర
మింట్ లెక్కలు నమ్మకూడదనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, అది మన దేశంతో ముడిపడింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇండియాలో వెండి రూపాయలకి కరువొచ్చింది. 1917 నవంబర్‌లో ఒక రూపాయి కాగితం నోటు తెచ్చారంటే పరిస్థితి ఊహించుకోండి. జనం నోట్లు పట్టుకెళ్ళి వెండి ఇమ్మని అడిగితే ఇవ్వలేని స్థితికి బ్రిటిష్ ప్రభుత్వం వచ్చింది. అమెరికాని అడిగారు. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా సిల్వర్ డాలర్లు కరిగించారు, ఔన్సు ఒక డాలర్ లెక్కన చాలావరకు బ్రిటన్‌కి అమ్మారు. ఆ వెండి ఇండియా చేరి రూపాయలైంది. మన ఇళ్ళల్లో నాయనమ్మల పెట్టెల్లో ఉన్న 1918, 1919 ఐదో జార్జి రూపాయల్లో మోర్గాన్ డాలర్ల వెండి ఉండి ఉండవచ్చు.

ఏ ఏడాదివి, ఏ మింట్‌వి ఎన్ని కరిగించారో లెక్క రాసుకోలేదు. అందుకే కొట్టినవి ఎన్ని అన్నదాన్ని బట్టి మిగిలినవి ఎన్ని అన్నది తేలదు. కరిగించినదానికి బదులు మళ్ళీ కొట్టాలి కాబట్టి 1921లో ఒక్క ఏడాదే 8.67 కోట్ల మోర్గాన్లు వదిలారు. 1921 అంత చౌక కావడానికి మూలం అక్కడుంది.

పల్నాడు_పావని
ఇది తెలియదు నాకు! మా అమ్మమ్మ ఇచ్చిన 1919 రూపాయి దేవుడి మందిరంలో ఉంది. ఈ రోజు మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశాను.

ఎడిసన్_బావ
మా నాయనమ్మ దగ్గర విక్టోరియా రూపాయలు సీసాడు ఉన్నాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు తెచ్చి ఇక్కడ అమ్మి మోర్గాన్లు కొందామనుకుంటున్నా.

ఉత్తరాంధ్ర_చరిత్ర
తేవద్దు బావగారూ. వందేళ్ళు దాటిన నాణేలు ఇండియాలో 1972 చట్టం ప్రకారం పురావస్తువుల కిందకి వస్తాయి, దేశం దాటించడం నేరం. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే నాణేలు పోవడంతో ఆగదు. అయినా నాయనమ్మ రూపాయలు అమ్మి డాలర్లు కొనడమేమిటి, వాటిని ఇంట్లోనే ఉంచండి.

ఎడిసన్_బావ
సరే, ఆ ఆలోచన మానుకున్నాను.

సియాటిల్_సుధ
క్లీన్ చేసిన కాయిన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. స్లాబ్ (గ్రేడింగ్ కంపెనీ కాయిన్‌ని సీల్ చేసే ప్లాస్టిక్ డబ్బా) మీద డీటెయిల్స్ అని రాసి ఉన్నవి అదే గ్రేడ్ మామూలు కాయిన్ కంటే బాగా తక్కువకి వస్తున్నాయి. ఆల్బమ్‌లో ఖాళీలు నింపుకోవడానికి నేను అవే కొంటున్నాను. 1879 సీసీ లాంటిది మామూలుగా నేను కొనలేను, తుడిచినదైతే కొన్నాను. బొమ్మ బాగుంది, తేదీ బాగుంది, నాకు చాలు.

లెక్కల_మాస్టారు
నేను ఒప్పుకోనమ్మా. అమ్మేరోజు కొనేవాడు ఎవడూ ఉండడు. మామూలు తేదీ తుడిచినదైతే మెల్ట్ తప్ప ఏమీ రాదు.

సియాటిల్_సుధ
మామూలు తేదీ గురించి కాదు మాస్టారూ నేను చెప్పేది. మామూలు తేదీ తుడవనిదే బోలెడు దొరుకుతుంది కదా, తుడిచింది ఎందుకు? అరుదైన తేదీకి మాత్రమే. నేను తక్కువకి కొన్నాను, తక్కువకే అమ్ముతాను, మధ్యలో నా ఆల్బమ్ నిండింది.

వెండి_వెంకట్రావు
సుధ గారు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. షరతు ఒక్కటే, తుడిచినదని తెలిసి, ఆ ధరకే కొనాలి. తెలియక మామూలు ధర పెడితేనే మునిగిపోయేది. ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే సన్నటి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. అక్షరాల చుట్టూ మురికి ఉండి మధ్యలో ఉత్త తెల్లగా ఉన్నా అనుమానించాలి.

మనిళ్ళల్లో ఒక ప్రమాదం ఉంది, అది కూడా చెప్పాలి. నల్లబడిన వెండి కనపడితే చాలు పూజ సామాను తోమినట్టు చింతపండు, విభూతి, పీతాంబరి పెట్టి తోమేస్తారు. కుందులకి ఫర్వాలేదు. డాలర్‌ని తోమితే ఆ క్షణంలోనే సగం ధర పోతుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి. ఆ నలుపు కొన్ని కాయిన్లకి నీలం, బంగారు రంగుల్లో పడుతుంది, దానికి అదనంగా డబ్బిచ్చేవాళ్ళున్నారు.

పల్నాడు_పావని
మా అత్తగారికి ఈ పోస్టు చదివి వినిపిస్తాను. వెండి ఏది కనపడినా చింతపండు నానబెడతారు.

గోదారోడు
ఇంత చదివాక నాకూ ఒకటి కొనాలనిపిస్తోంది, అదే భయంగా ఉంది. బ్యాంకులో అడిగితే దొరకవా? చిన్నప్పుడు ఇక్కడివాళ్ళకి దొరికేవట కదా.

లెక్కల_మాస్టారు
1964 మార్చిలో ఆగిపోయింది ఆ వైభోగం. అంతకుముందు సిల్వర్ సర్టిఫికెట్ నోటు ఇస్తే ట్రెజరీ డాలర్ కాయిన్ ఇచ్చేది, జనం తోపుడు బళ్ళు తెచ్చుకున్నారు ఆఖరి రోజుల్లో. ఇప్పుడు బ్యాంకులో పెద్ద డాలర్ అడిగితే ఐసెన్‌హోవర్‌వి రావచ్చు, 1971 నుంచి 1978 వరకు కొట్టినవి. అవి రాగి నికెల్, వెండి కాదు. ఆన్‌లైన్‌లో పాత సిల్వర్ డాలర్ అని వీటినే అంటగడుతుంటారు, జాగ్రత్త. వాటిలో 40 శాతం వెండివి ఎస్ మింట్‌లో విడిగా చేశారు, నీలం కవరులోనో గోధుమరంగు పెట్టెలోనో వస్తాయి, బరువు 24.59 గ్రాములు. మామూలువి 22.68. కవరుతో ఉన్నవి షాపుల్లో వెండి ధరకే ఇస్తారు. బ్యాంకులో అడగాల్సింది హాఫ్ డాలర్ రోల్స్. 1964ది 90 శాతం వెండి, 1965 నుంచి 1970 వరకు 40 శాతం. ఓపిక ఉంటే అప్పుడప్పుడు తగులుతాయి, ముఖ విలువకే.

ఎడిసన్_బావ
స్లాబ్ చేసినవి కొనేవాళ్ళు సర్టిఫికెట్ నంబర్ గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి, ఫోటో ఉంటే గీత గీత పోల్చండి. స్లాబులకే నకిలీలు వస్తున్నాయి. ధర కోసం ఆన్‌లైన్‌లో అమ్మేవాడు పెట్టిన రేటు చూడొద్దు, అమ్ముడైనవి అనే ఫిల్టర్ పెట్టి చూడండి. అడిగేదానికీ నిజంగా తెగేదానికీ చాలా దూరం.

సియాటిల్_సుధ
టీవీలో, పేపర్లో వచ్చే ఖజానా బయటపడింది ప్రకటనలు కూడా. మామూలు 1921ని పెట్టెలో పెట్టి రెట్టింపు ధరకి అమ్ముతారు.

వెండి_వెంకట్రావు
కొనే వేళ గురించి ఒక్క ముక్క. వెండి ఒక్కసారిగా పెరిగినప్పుడు మెల్ట్ పెరుగుతుంది కానీ సేకరణ కాయిన్ల ధర అంత వేగంగా పెరగదు. 63 గ్రేడ్ 1881 ఎస్ లాంటి మంచి కాయిన్ ధర, అరిగినదాని ధర పక్కకే వచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు అరిగినవి ఇచ్చేసి మంచివి తీసుకోవడం నా పద్ధతి. 1980లో అందరూ డాలర్లని కరిగించడానికి పోశారు, ఆ రోజుల్లో ఏరుకున్నవాళ్ళు బాగుపడ్డారు.

లెక్కల_మాస్టారు
అమ్మేటప్పుడు పన్ను కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో కలెక్టిబుల్స్ మీద లాంగ్ టర్మ్ గెయిన్‌కి గరిష్ఠంగా 28 శాతం వరకు పడుతుంది, షేర్ల రేటు కాదు. కొన్న రసీదులు దాచుకోండి.

ఫ్రిస్కో_శీను
అప్‌డేట్. మా ఊరి కాయిన్ షాపుకి వెళ్ళాను. పది తీసుకుంటాను, నేనే ఏరుకుంటాను అన్నాను, ట్రే ముందు పెట్టి కుర్చీ కూడా వేశాడు. మెల్ట్ మీద నాలుగు డాలర్లకి ఒప్పుకున్నాడు. 1927 పీస్ ఒకటి దొరికింది, ఎడిసన్ బావగారు క్షమించాలి. రెండు 1878లు ఉన్నాయి, ఒకదానికి ఈకలు ఎనిమిది లెక్క తేలుతున్నాయి, మీరందరూ చెప్పకపోతే తిప్పి కూడా చూసేవాణ్ణి కాదు. మిగతావి ఓ మింట్‌వి, 1921లు. అన్నీ తూచాను, ఒకటి 26.3, మిగతావి 26.5 పైన ఉన్నాయి. 26.3 ఉన్నదాని గురించి అనుమానంగా ఉంది.

వెండి_వెంకట్రావు
ఎంత అరిగింది అది? అక్షరాలు అంచుతో కలిసిపోయేంత అరిగితే 26.3 మామూలే. అరుగుదల లేకుండా ఆ బరువుంటే అనుమానించాలి, కొత్తదానికి మింట్ అనుమతించిన తేడా 0.1 గ్రాము లోపే.

ఫ్రిస్కో_శీను
బాగా అరిగింది, తేదీ మాత్రమే స్పష్టంగా ఉంది. 1896 ఓ.

వెండి_వెంకట్రావు
అయితే బరువు గురించి బెంగ లేదు. కానీ 1896 ఓ, 1900 ఓ, 1902 ఓ, ఈ మూడింటికి ఆ కాలంలోనే చేసిన దొంగ డాలర్లు ఉన్నాయి, వెండితోనే చేసినవి. వాటినీ జనం సరదాగా సేకరిస్తారు. వెనుక వైపు ఫోటో దగ్గరగా తీసి పెట్టండి, ఓ అక్షరం కనపడాలి.

ఎడిసన్_బావ
1927 కొన్నందుకు క్షమించాను. ఎనిమిది ఈకలది కూడా ఫోటో పెట్టండి.

ఫ్రిస్కో_శీను
రాత్రికి పెడతాను. వీటిని ప్రస్తుతం జిప్ లాక్ కవర్లో వేశాను, ఫర్వాలేదా?

సియాటిల్_సుధ
తీసేయండి. మెత్తటి పీవీసీ కవర్లయితే కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది, జిప్ లాక్‌లో ఒకదానికొకటి రాసుకుంటాయి. మైలార్ ప్లాస్టిక్ పొర ఉన్న రెండంగుళాల అట్ట హోల్డర్లు కొనండి, డాలర్ సైజు అని అడగండి, 38 మిల్లీమీటర్లది. స్టేపుల్ పిన్నుల కొనలు ప్లయర్‌తో చదును చేయండి, లేకపోతే పక్క కాయిన్‌కి గీతలు పడతాయి.

ఫ్రిస్కో_శీను
ఆర్డర్ పెట్టేశాను. వంద ప్యాకెట్.